పిల్లలకి ఇల్లు అద్దెకిచ్చే విశాఖ ఓనర్లకి

విశాఖలో కాలేజీ పిల్లలకి వాటాలిచ్చే ఓనర్లు తగువు పడేది అద్దె దగ్గర కాదు, అడ్వాన్స్ దగ్గర. అద్దె నెలనెలా ఫోన్‌పేలో పడిపోతూనే ఉంటుంది. పిల్లలు ఖాళీ చేసే రోజున మొదలవుతాయి లెక్కలు: గోడ మీద మరక ఎవరిది, గీజరు ఎప్పటి నుంచి పనిచెయ్యట్లేదు, ఆఖరి నెల కరెంటు బిల్లు ఎవరు కట్టాలి. చేరిన రోజున కాగితం మీద పెట్టుకోకపోతే అవి తేలవు. గొంతు పెద్దదైనవాళ్ల మాటే చెల్లుతుంది, డబ్బు ఎవరి చేతిలో ఉందో వాళ్ల గొంతే పెద్దది. ఈ పోస్టు ఓనర్ల కోసమే గానీ, పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ చదువుకున్నా మంచిదే.

ఊళ్లో ఒక్కో పేటకి ఒక్కో రకం పిల్లలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) చుట్టూ మద్దిలపాలెం, ఇసుకతోట, శివాజీపాలెం, పెదవాల్తేరుల్లో పీజీ, పీహెచ్‌డీ వాళ్లు, వాళ్లతోపాటు గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లు. ద్వారకానగర్, అక్కయ్యపాలెం వైపు కోచింగ్ పిల్లలు. కొన్ని నెలలుండి, పరీక్ష అయిపోగానే సర్దేస్తారు. రుషికొండ, ఎండాడ, సాగర్‌నగర్‌లకి గీతం యూనివర్సిటీ పిల్లలు. మధురవాడ, కొమ్మాదిలో ఇంజనీరింగ్ వాళ్లూ ఐటీలో కొత్తగా చేరినవాళ్లూ కలిసే ఉంటారు. పెద్దాసుపత్రి కేజీహెచ్ చుట్టుపక్కల మహారాణిపేటలో మెడికోలు. రాత్రి డ్యూటీ చేసి తెల్లారుజామున వచ్చే పిల్లకి "పదింటికి గేటు మూసేస్తాం" అనే ఇల్లు పనికిరాదు. ఆ షరతు ఉంటే ఇల్లు చూపించేటప్పుడే చెప్పాలి, అడ్వాన్స్ తీసుకున్నాక కాదు. మాంసం వండకూడదన్నా, స్నేహితులు రాత్రి ఉండకూడదన్నా అంతే. ఇక కులం అడిగి ఇల్లిచ్చే అలవాటు ఈ ఊళ్లో ఇంకా పోలేదు. అద్దె కట్టే శక్తికీ దానికీ సంబంధం లేదని మాత్రం చెప్పి ముందుకెళ్తాను.

సంతకం ఎవరిది?

ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో చేరే పిల్లాడికి చాలాసార్లు పదిహేడేళ్లే ఉంటాయి. ఇంటర్ పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. పద్దెనిమిది నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. ఆ పిల్లాడు సంతకం పెట్టిన స్టాంపు కాగితం మీ బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా ఒకటే. తండ్రో తల్లో అద్దెదారుగా సంతకం పెట్టాలి, ఇంట్లో ఉండబోయేది ఫలానా అబ్బాయి అని లోపల రాయాలి.

నలుగురు కలిసి తీసుకుంటే ఇంకో చిక్కు. ఒకడి పేరు మీద రాసి మిగతా ముగ్గుర్ని వదిలేస్తారు. ఆ ఒక్కడు సెమిస్టర్ మధ్యలో హాస్టల్‌కి మారిపోతే మిగిలినవాళ్లకీ మీకూ మధ్య కాగితమే ఉండదు. నలుగురి పేర్లూ రాసి, మొత్తం అద్దెకి అందరూ కలిసీ, ఎవరికి వారూ కూడా బాధ్యులేనని ఒక వాక్యం పెట్టండి. ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తే పాతవాడి అడ్వాన్స్ కొత్తవాడు పాతవాడికే ఇచ్చుకుంటాడా, మీ ద్వారానా అన్నది కూడా రాయండి. పిల్లలు తమలో తాము సర్దుకుని మీకు చెప్పకపోతే, రెండేళ్ల తర్వాత మీరు అడ్వాన్స్ తిరిగివ్వాల్సిన మనిషి ఎవరో మీకే తెలియదు.

ఇప్పుడు పదకొండు నెలల సంగతి. "పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని బ్రోకర్లూ స్టాంపు వెండర్లూ అలవాటుగా చెప్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను ప్రకారం చాలా రాష్ట్రాల్లో ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అక్కడ ఆ మాట నిజమే. మన ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ సెక్షన్ని సవరించారు. కాలపరిమితితో పనిలేకుండా లీజులన్నీ రిజిస్టర్ కావాల్సిందే. రిజిస్టర్ కాని కాగితంలో మీరు రాసుకున్న అద్దె పెంపు, నోటీసు గడువు లాంటి షరతుల్ని కోర్టులో నిలబెట్టుకోవడం కష్టం. అప్పుడు మీ అద్దెదారు నెలవారీ అద్దెదారు కింద లెక్కకి వస్తాడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా ముగించవచ్చు.

మూడు పడకగదుల ఫ్లాటు నాలుగేళ్లకి ఇస్తున్నారంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి రిజిస్టర్ చేయించండి. ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్లు తీసుకెళ్లాలి. మేడ మీద ఒక్క గది పది నెలలకి ఇచ్చే ఓనర్లలో దాదాపు అందరూ స్టాంపు కాగితంతోనే సరిపెడుతున్నారు. సరిపెట్టినా, దాని బలం ఎంతో తెలుసుకుని సరిపెట్టండి.

చట్టం గురించి ఇంకొక్క మాట. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం చేసింది. కేంద్రం 2021 జూన్‌లో ఒక నమూనా అద్దె చట్టానికి ఆమోదం తెలిపి రాష్ట్రాలకి పంపింది. నివాస గృహాలకి అడ్వాన్స్ రెండు నెలల అద్దెకి మించకూడదని, ఇంట్లోకి వచ్చేముందు ఓనరు 24 గంటల ముందు చెప్పాలని, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. మీ ఒప్పందం రాసుకోవడానికి అంతకంటే మంచి నమూనా వెతుక్కోనక్కర్లేదు. కింద రిపేర్ల దగ్గర కూడా దాన్నే పట్టుకుంటున్నాను.

తాళాలిచ్చే రోజు

పిల్లలు సామాను దించకముందే, ఖాళీ ఇంట్లో, వాళ్లని పక్కన పెట్టుకుని అరగంట తిరగాలి. ఫోనులో వీడియో తీస్తూ గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. ప్రతి గోడా, ప్రతి కిటికీ అద్దం, బాత్‌రూమ్ టైల్సు, సింకు కింద పైపు. ప్రతి కుళాయీ తిప్పి నీళ్లు వస్తున్నట్టు, ఫ్లష్ నొక్కి ట్యాంకు మళ్లీ నిండుతున్నట్టు, ప్రతి ఫ్యానూ ఐదులో తిరుగుతున్నట్టు కనపడాలి. గీజరు వేసి పది నిమిషాలాగి వేడినీళ్లు చూపించండి. మీటరు రీడింగ్ అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫోటో. ఏ తాళానికి ఎన్ని చెవులిచ్చారో లెక్క. ఆ వీడియో, ఫోటోలు ఆ పూటే పిల్లలకీ వాళ్ల నాన్నకీ వాట్సాప్‌లో పంపించి, "చూశాం, సరే" అని జవాబు తెప్పించుకోండి. పగిలిన టైలుంటే, కారుతున్న కుళాయుంటే అప్పుడే రాయండి. ఓనర్లు ఇక్కడే సిగ్గుపడతారు, లోపాలు రాస్తే ఇల్లు చులకనైపోతుందని. రాయకపోతే ఏడాది తర్వాత ఆ టైలు పిల్లలే పగలగొట్టారని మీరు నిజంగానే నమ్ముతారు, అదీ ప్రమాదం.

అడ్వాన్స్‌లో కోత పెట్టేటప్పుడు ఎక్కువ రచ్చయ్యేది పెయింటు. "ఖాళీ చేసేటప్పుడు నెల అద్దె పెయింటుకి పట్టుకుంటాం" అని గుడ్డిగా రాసేస్తారు. పది అడుగుల గదికి నాలుగు గోడలూ కలిపి 400 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే 350. మామూలు ఇంటీరియర్ ఎమల్షన్ రెండు కోటింగులకి లీటరు సుమారు వంద చదరపు అడుగులు వస్తుంది. అంటే గదికి మూడున్నర లీటర్లు, మేస్త్రీకి ఒక రోజు, పుట్టీ పడితే ఇంకో రోజు. ఈ లెక్కకీ నెల అద్దెకీ సంబంధం ఉందో లేదో మీరే చూసుకోండి. ఎండకి రంగు వెలవడం, మంచం ఆనిన చోట గీత పడటం వాడకంలో వచ్చే అరుగుదల. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఆ అరుగుదలని అద్దెదారు మీద వెయ్యొద్దనే అంటుంది. మేకులు దిగ్గొట్టి పెచ్చులూడగొట్టినా, డబుల్ సైడ్ టేపుతో పోస్టర్లు అంటించి పొరతో సహా పీకినా అది వేరే లెక్క, ఆ గోడ ఖర్చు తీసుకోండి. బిల్లు చూపించి తీసుకోండి.

ఇంకోటి: "ఆఖరి నెల అద్దె అడ్వాన్స్‌లో కట్ చేసుకోండి అంకుల్" అని ప్రతి బ్యాచీ అడుగుతుంది. ఒప్పుకుంటే ఆఖరి కరెంటు బిల్లుకీ పగిలిన సింకుకీ మీ చేతిలో ఏమీ మిగలదు. ముందే కుదరదని రాసి, దానికి బదులుగా మీరు కూడా తాళాలు తీసుకున్న రోజే లెక్కచూసి తిరిగిచ్చేస్తానని రాయండి. రెండు వైపులా కట్టుబాటు ఉంటే పిల్లలు గొడవ పెట్టరు.

కరెంటు బిల్లు

ఈ ఊళ్లో ఓనర్లు తెలిసో తెలియకో పిల్లల దగ్గర ఎక్కువ తీసుకునేది ఇక్కడే. రెండు వాటాలకి ఒకటే సర్వీసు మీటరు, లోపల సబ్‌మీటరు, "యూనిట్ పది రూపాయలు" అని రేటు. మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ గృహ వినియోగానికి శ్లాబులు ఇలా ఉన్నాయి, 2022 నుంచి అమల్లో ఉన్న విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) టారిఫ్ ప్రకారం: మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. దీనికి ఫిక్స్‌డ్ చార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం అదనం.

రెండు వాటాలు చెరి 200 యూనిట్లు కాల్చాయనుకోండి. వేరువేరు మీటర్లుంటే ఒక్కో వాటాకి 57 + 135 + 225 + 450, అంటే 867. రెండూ కలిపి 1,734. అదే 400 యూనిట్లూ ఒకే మీటరు మీద పడితే 225 దాకా 1,017, మిగిలిన 175 యూనిట్లకి 8.75 చొప్పున 1,531, మొత్తం 2,548. వాడకం పెరగలేదు, మీటరు పెట్టించుకోకపోవడం వల్ల నెలకి 814 రూపాయలు అదనం. ఆ అదనాన్నంతా పిల్లల మీదే వేసేలా యూనిట్ పది అని తీసుకుంటే వాళ్లు కట్టేది 2,000. ఓనరు తన వాటాకి కట్టేది 548 మాత్రమే. పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఈ లెక్క వాళ్లకి రాకుండా ఉండదు.

వాటాకో సర్వీసు తీసుకోవడం సరైన దారి. కుదరకపోతే అసలు బిల్లు ఫోటో గ్రూపులో పెట్టి, సబ్‌మీటరు యూనిట్ల నిష్పత్తిలో పంచండి. మోటారుకి ఎంత కాలుతుందో ముందే విడదీయాలి, దాన్ని అన్ని వాటాలకీ సమానంగా వెయ్యాలి. ఏసీ పెట్టుకుంటామంటే మీటరు మీద మంజూరైన లోడు ఎంతో చూడండి. రెండు కిలోవాట్ల కనెక్షన్ మీద రెండు ఏసీలు వేస్తే అదనపు లోడుకి డబ్బు కట్టమని నోటీసు మీ పేరు మీదే వస్తుంది.

వైరింగ్ సంగతి ఇంతకంటే పెద్దది. పిల్లలున్న ఇంట్లో కుటుంబం ఉండే ఇంటికంటే ప్లగ్గుల మీద భారం ఎక్కువ. ఒకే గదిలో ఇండక్షన్ స్టవ్వు, కెటిల్, ఇస్త్రీపెట్టె, మూడు లాప్‌టాపులు ఉంటాయి. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 1,500 వాట్ల కెటిల్ ఆరున్నర. మంచం పక్కన ఉండేది 6 ఆంపియర్ల సాకెట్టు. రెండూ కలిపి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే ముందు బోర్డు మెత్తబడుతుంది, తర్వాత గోడలో వైరు. వంట చేసుకునే చోట కనీసం రెండు 16 ఆంపియర్ల సాకెట్లు, వాటికి మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఒక్కోదానికి సొంత ఎంసీబీ (భారం ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చి) పెట్టించండి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లు. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పిల్లలు చెప్తే, వచ్చిన మనిషి 10 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టి వెళ్లిపోతాడు. ఇంక పడిపోదు, వైరు కాలుతుంది. మెయిన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి అనుకోండి. తడి చేత్తో గీజరు స్విచ్చి వేసే పిల్లని కాపాడేది అదే. దాని మీదుండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి, పడితే పనిచేస్తున్నట్టు. అది పనిచేస్తోంది కదాని ఎర్తింగ్ వదిలెయ్యకండి. సముద్రం పక్క పేటల్లో ఎర్త్ పైపు, దాని క్లాంపు తుప్పుపట్టి తెగిపోతాయి, ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

గ్యాస్ గీజరు ఉన్న బాత్‌రూమ్ అయితే, కిటికీ ఉన్నా సరే, ఆ గీజరు తీసేసి కరెంటుది పెట్టండి, లేదా గీజరుని బయట గోడకి మార్చండి. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి స్నానం చేస్తూనే పడిపోతాడు. పిల్లలు చిన్న ఐదు కిలోల సిలిండరు తెచ్చుకుంటే నిలబెట్టే వాడాలని, మంచం కింద పెట్టకూడదని చెప్పండి. సిలిండరుకి తగిలించే సురక్షా ట్యూబు గడువు ఐదేళ్లు, దాని మీదే ముద్రించి ఉంటుంది.

నీళ్లు, ఉప్పుగాలి

నలుగురున్న వాటాకి తలకి 135 లీటర్ల లెక్కన రోజుకి 540 లీటర్లు కావాలి. రెండు వాటాలకి కలిపి వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే ఎనిమిదింటి క్లాసుకి వెళ్లే ఆఖరివాడికి నీళ్లుండవు. కార్పొరేషన్ కుళాయి రోజులో కొద్దిసేపే వస్తుంది కాబట్టి కింద సంపు, పైన కనీసం రెండు ట్యాంకులు, మోటారుకి ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ ఉంటే, "మోటారు ఎవరు ఆపాలి" అనే గొడవ కూడా పోతుంది. వేసవిలో ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిదో ఒప్పందంలో ఉండాలి. నీళ్లివ్వడం ఓనరు పనే కాబట్టి నా లెక్కలో అది అద్దెలో భాగం.

ట్యాంకు ఆర్నెల్లకోసారి కడిగించండి. మడ్డి తీసి, రుద్ది, నింపాక వెయ్యి లీటర్లకి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు (25 శాతం క్లోరిన్ ఉన్నది) బకెట్‌లో కలిపి, తేటనీళ్లు మాత్రం పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున్న మొత్తం వదిలేయాలి. ఆ నీళ్లు తాగడానికీ స్నానానికీ కాదు. పిల్లలకి ముందురోజే చెప్పి వేరే నీళ్లు పట్టి ఉంచుకోమనండి. మూత సరిగ్గా పడని ట్యాంకు దోమల పుట్టిల్లు, డెంగీ సీజన్‌లో కార్పొరేషన్ వాళ్లు మేడెక్కి చూసేది కూడా దాన్నే.

బీచ్ రోడ్డు నుంచి లోపలికి పెదవాల్తేరు, ఎంవీపీ, లాసన్స్‌బే, సాగర్‌నగర్ దాకా ఉప్పుగాలి ఇంటిని మెల్లగా తింటుంది. స్లాబులో ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, కిందికి పెచ్చులు రాలతాయి. మంచం మీద రాలిన పెచ్చుని చూసి పెయింటు వేయించడం వల్ల లాభం లేదు. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచని మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో మూయాలి. అది కట్టడానికి సంబంధించిన రిపేరు, పూర్తిగా ఓనరుది. బాల్కనీ గ్రిల్లు కూడా అంతే, కింద గోడలో దిగిన కాళ్ల దగ్గర చేత్తో ఊపి చూడండి. పైన రంగు బాగానే ఉంటుంది, కాలు తెగి ఉంటుంది. పిల్లలు దాని మీదే ఆనుకుని ఫోన్లు మాట్లాడేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేడల మీది ఖాళీ ట్యాంకులూ రేకులూ ఎగిరి పక్కిళ్ల మీద పడ్డాయి. తుపాను హెచ్చరిక వస్తే ట్యాంకులు నింపి ఉంచమని, బాల్కనీలో వస్తువులు లోపల పెట్టమని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. గాలికి పగిలిన అద్దాల ఖర్చు పిల్లల మీద వెయ్యకూడదు. 108వ సెక్షను అరుగుదలతోపాటు ప్రకృతి బీభత్సాన్నీ మినహాయించింది.

మిగతా రిపేర్ల పంపకం నమూనా చట్టంలో తేటగా ఉంది. కట్టడం, గోడలకి సున్నం, తలుపులూ కిటికీల రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరువి. కాలువ శుభ్రం, స్విచ్చులూ సాకెట్లూ, కుళాయిలూ వాషర్లూ, పగిలిన కిటికీ అద్దం, తలుపు గొళ్లేలు, గీజరు రిపేరు అద్దెదారువి. మొదటిరోజు వీడియోలో పనిచేస్తున్నట్టు ఉంటేనే ఈ పంపకం న్యాయం. పదేళ్ల గీజరు పెట్టి, అది చచ్చిపోతే పిల్లల్ని కొత్తది కొనమనడం మాత్రం బావుండదు. మీ వంతు రిపేరు మీరు చెయ్యకపోతే, చెప్పి కొంతకాలం చూసి, తామే చేయించుకుని అద్దెలో తగ్గించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టమే అద్దెదారుకి ఇచ్చింది. 'చెప్పాం' అనడానికి వాట్సాప్ మెసేజ్ ఉంటుంది, గుర్తుంచుకోండి.

అద్దె రాలేదని నీళ్లు ఆపడం, ఫ్యూజు పీకడం, పిల్లలు క్లాసుకెళ్లినప్పుడు మీ తాళం వేసెయ్యడం, ఇవేవీ చెయ్యొద్దు. అద్దె బాకీ విషయంలో మీదే పైచెయ్యి అయిన గొడవ ఆ పనితో పోలీసు స్టేషన్లో మీ మీద ఫిర్యాదుగా మారుతుంది. అమ్మాయిల వాటాలోకైతే పగలు, ముందు చెప్పి, ప్లంబరుతో వెళ్లినా ఎవరో ఒకరు లోపలుండగానే వెళ్లండి. సీసీ కెమెరా గేటుకీ మెట్లకీ సరే, వాళ్ల గుమ్మం లోపలికి చూసేలా ఉండకూడదు.

ఆఫీసుల పని

అద్దెకిచ్చాక పిల్లల వివరాలు దగ్గరి పోలీస్ స్టేషన్లో ఇవ్వండి: ఫోటో, గుర్తింపు కార్డు నకలు, కాలేజీ ఐడీ, తండ్రి ఫోను నంబరు. అద్దెదారుల వివరాలివ్వాలని కమిషనర్ ఉత్తర్వు ఉన్నప్పుడు ఇవ్వకపోతే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షను కింద కేసు పెట్టొచ్చు. ఏయూలో విదేశీ విద్యార్థులు బాగానే ఉంటారు. వాళ్లకి ఇల్లిస్తే, వచ్చిన 24 గంటల్లో పాస్‌పోర్టు, వీసా వివరాలతో ఆన్‌లైన్‌లో తెలపాలి. ఏళ్లుగా ఫారం-సి అంటున్నది ఇదే. ఒక్క గది ఇచ్చినా, ఉచితంగా ఇచ్చినా తప్పదు.

ఇల్లు మొత్తాన్ని మంచాల లెక్కన హాస్టల్‌గా మారిస్తే ఆట వేరు. విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) ట్రేడ్ లైసెన్సు, భోజనం పెడితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. కాలేజీ పిల్లలుండే ప్రైవేటు హాస్టళ్లు స్థానిక పోలీసుల దగ్గర నమోదు కావాలని యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనల్లోనే ఉంది. గృహ కేటగిరీ కరెంటు కనెక్షన్ దానికి చెల్లుతుందా అని కరెంటు సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి. మనిషికి నెలకి 20,000 రూపాయల లోపు, వరసగా కనీసం 90 రోజులుంటే జీఎస్టీ లేదు, 2024 జులై 15 నుంచి.

ఆస్తి పన్ను 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) మీద వేస్తున్నారు, కాబట్టి అద్దె పెంచితే పన్ను పెరుగుతుందని భయపడి అద్దె తక్కువ రాసే పాత అలవాటుకి అర్థం లేదు. మొదటి అర్ధ సంవత్సరానిది జూన్ 30 లోపు, రెండోది డిసెంబరు 31 లోపు; దాటితే నెలకి 2 శాతం వడ్డీ. ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు. ఆదాయపు పన్నులో, కట్టిన ఆస్తి పన్ను తీసేశాక మిగిలిన అద్దె మీద 30 శాతం రిపేర్ల కింద మినహాయింపు ఉంది, బిల్లులు చూపక్కర్లేదు. మేడ మీద రేకుల పెంట్‌హౌసు ప్లానులో లేకుండా కట్టి అద్దెకిస్తున్నవాళ్లకి పన్ను మీద జరిమానా పడుతుంది. పన్ను కట్టినంత మాత్రాన ఆ కట్టడం సక్రమమైపోదు కూడా. ఏప్రిల్, మే ఎండల్లో ఆ రేకు కింద పిల్లలు ఎలా ఉంటారన్నది వేరే మాట.

ఖాళీ చేసేటప్పుడు

సెమిస్టర్ పరీక్షల మధ్యలో ఖాళీ చేయించొద్దు. నోటీసు నెల రోజులని రాసుకుని, అది పరీక్షల నెలలో పడితే పరీక్షలయ్యాక అని కలపండి. వేసవి సెలవులకి తాళం వేసుకుని ఊరెళ్తే అద్దె మొత్తమా, సగమా అన్నది ముందే తేల్చుకోవాలి. చాలామంది సగానికి ఒప్పుకుంటారు, ఆ నెలల్లో కొత్తవాళ్లు ఎలాగూ దొరకరు. కౌన్సెలింగ్ అయి సీట్లొచ్చాకే మళ్లీ గిరాకీ. ఎవరైనా సామాను వదిలేసి ఫోను ఎత్తకపోతే తాళం పగలగొట్టకండి. తండ్రికి స్పీడ్ పోస్టులో ఉత్తరం, గడువు, ఆపైన స్టేషన్లో చెప్పి, సాక్షుల ముందు వీడియో తీస్తూ లెక్కరాసి తియ్యాలి.

ఆఖరి రోజున మొదటి వీడియో ఫోనులో పెట్టుకుని అదే దారిలో మళ్లీ తిరగండి. మీటరు ఫోటో తీసి, కిందటి బిల్లు నుంచి ఎన్ని యూనిట్లో శ్లాబులో లెక్కకట్టి, కోతలు ఒక్కొక్కటీ రాసి, మిగిలింది ఎవరిచ్చారో వాళ్ల ఖాతాకే పంపండి. ఆధార్ నకళ్లు మీ దగ్గరుంటే వాళ్ల ముందే చించేయండి. అసలు తీసుకునేటప్పుడే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడిగితే ఆ బెడదే లేదు. తర్వాతి బ్యాచి దిగకముందు తలుపు తాళం మార్చించండి. చెవులన్నీ తిరిగొచ్చినా సరే, వాటికి నకళ్లు ఎన్ని తీయించారో పిల్లలకే గుర్తుండదు.